ఫిబ్రవరి ముప్పై ఒకటిన పుట్టిన పాప

టోకెన్ చదవడంలో తనను మించినవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదని, పుట్టే సూచనలు కూడా కనబడటం లేదని సోమవారం ఉదయం పది గంటలకు మీటింగ్ రూములో వాడు ప్రకటించాడు. పది గంటల ఏడు నిమిషాలకు ఆ ప్రకటన కాలం చేసింది. మధ్యలో ఏం జరిగిందో చెప్పాలంటే కాఫీ మెషీన్ ప్రస్తావన తేక తప్పదు.

ఆ కంపెనీలో తొమ్మిది వందల మంది ఉద్యోగులు. సెలవు కావాలన్నా, బస్సులో సీటు కావాలన్నా, ఇన్సూరెన్స్ కావాలన్నా అందరికీ ఒకటే యాప్. ఎవరైనా అందులోకి లాగిన్ కాగానే మూడో అంతస్తులో ఉండే సెక్యూరిటీ సర్వీసు ఒక టోకెన్ ఇస్తుంది. సీలు వేసిన కవరు లాంటిదనుకోండి. లోపల ఆ మనిషి గురించి నాలుగు మాటలుంటాయి. పేరు ఫలానా, హోదా ఫలానా, ఎక్కే బస్సు ఫలానా. ఆ ఒక్కో మాటనీ క్లెయిమ్ అంటారు. యాప్ ఆ క్లెయిమ్‌లు చదివి, మనిషిని బట్టి మర్యాద చేస్తుంది.

చదివే ఆ కోడు రాసింది వాడే. కవరు చూడగానే లోపలున్నది చెప్పేస్తాడని ఆఫీసులో వాణ్ని ఎక్స్‌రే అనేవారు. ఆ పేరు పెట్టుకున్నది కూడా వాడే. మిగతావాళ్లకు అలవాటు చేయడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మీటింగ్‌కి వాళ్ల మేనేజరు వచ్చాడు. మనిషి కనబడితే బాగున్నావా అనకుండా ఎప్పటికవుతుందని అడిగే అలవాటు వల్ల ఆయన్ని అందరూ గడువు గారనేవారు. వెనక వరసలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒకమ్మాయి కూర్చుంది. మూడో అంతస్తు నుంచి దిగి వచ్చింది. కంపెనీలో ఏ టోకెన్ మీదైనా సంతకం పడేది ఆమె చూసుకునే సర్వీసులోనే కాబట్టి ఆమెను ముద్ర అనేవారు. ఆ పేరు మాత్రం నిజంగానే ఇతరులు పెట్టింది.

"ఒక టోకెన్ పంపిస్తాను, చదువుతారా?" అని అడిగింది ముద్ర.

ఒకటేం ఖర్మ, ఓ వంద పంపించమన్నాడు ఎక్స్‌రే.

పెద్ద తెర మీద అక్షరాలు మెల్లగా విచ్చుకున్నాయి. "శుభోదయం, కాఫీ మెషీన్ గారూ. డైరెక్టర్ హోదాలో మీకు ఇంకా పదకొండు రోజుల సెలవు మిగిలి ఉంది."

గదిలో అందరూ పని మానేసి తెర వైపు చూశారు. మూలనున్న కాఫీ మెషీన్ మాత్రం సెలవు వాడుకోకుండా తన పని తాను చేసుకుపోతోంది.

"దాని మీద సంతకం చూశారా?"

"సంతకమా?"

"అది నేను ఇందాక చేత్తో టైప్ చేసిన టోకెన్. దానికి సంతకమే లేదు. మా సర్వీసయితే దాన్ని గేటు దగ్గరే ఆపేస్తుంది. మీ యాప్ లోపలికి పిలిచి కుర్చీ వేసింది."

ఆమె అరవలేదు, నవ్వలేదు. అదే వాణ్ని ఎక్కువగా కాల్చింది. టోకెన్ చేతికి రాగానే లోపలేముందని కాదు చూడాల్సింది, ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి అంది. ఎవరిచ్చారు, ఎవరి కోసం ఇచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది. ఈ మూడూ తేలాకే లోపలి మాట. అప్పటిదాకా అది ఎవడో గోడ మీద రాసిపోయిన రాతతో సమానం.

తర్వాత తెర అడుగున ఉన్న చిన్న కిటికీ మీద ఆమె చూపు పడింది. టోకెన్‌లో ఉన్న క్లెయిమ్‌లన్నిటినీ ఆ కిటికీ వరసగా చూపిస్తోంది. పని తేలికవుతుందని వాడు పెట్టుకున్నది.

"అదేమిటి?"

"ఊరికే. మేము చూసుకోవడానికి."

"పీకేయండి. మీ యాప్‌కి పేరూ హోదా చాలు. ఎవరెవరు ఏ బస్సెక్కుతారో, ఇంట్లో ఎంతమందో చదివే పని మీకు లేదు."

పీకేస్తానన్నాడు. సాయంత్రానికల్లా పీకేశానని మెసేజ్ కూడా పెట్టాడు.

గడువు గారు గొంతు సవరించుకుని, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నాలుగు వారాల్లో ఈ తద్దినం సరిచేయాలని, నాలుగో శుక్రవారం యాప్ విడుదలవ్వాలని, ఎప్పటికవుతుందో రేపటికి చెప్పాలని ఆదేశించాడు.

అలా మంగళవారం నుంచి ఎక్స్‌రే పక్క కుర్చీలో ముద్ర.

ఆమెకో అలవాటుంది. కోడులో తప్పు కనబడితే నోటితో చెప్పదు. డబ్బాలోంచి ఒక చాక్లెట్ తీసి బల్ల మీద వాడి వైపు జరుపుతుంది. అది తినేలోపు తప్పెక్కడుందో వాడే వెతుక్కోవాలి. మొదటి వారం వాడు పందొమ్మిది చాక్లెట్లు తిన్నాడు. రెండో వారానికి వాడి పని బాగా మెరుగుపడింది, చాక్లెట్లు మూడుకు పడిపోయాయి. మూడో వారం నుంచి వాడు ఎంతో శ్రద్ధగా, ఒళ్లు దగ్గర పెట్టుకుని తప్పులు చేయడం మొదలుపెట్టాడు.

వాడికి ప్రేమ ఎప్పుడు పుట్టిందనేది మాత్రం కచ్చితంగా చెప్పొచ్చు. మొదటి గురువారం సాయంత్రం ఐదూ నలభైకి. ఆ వేళకి ఆకాశం చిల్లుపడి వాన. బస్‌స్టాప్‌లో ఇద్దరూ నిలబడ్డారు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్కటే గొడుగు, అది వాడిది. ఆమె కుడి భుజం, వాడి ఎడమ భుజం మాత్రమే పొడిగా ఉన్నాయి. మిగిలిన శరీరాల గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

"మీరు కూడా పద్నాలుగేనా?" అంది, బస్సు రావడం చూసి.

పద్నాలుగే అన్నాడు, పుట్టినప్పటి నుంచీ అదే బస్సులో తిరుగుతున్నవాడిలా.

ఆమెది పద్నాలుగో నంబర్ బస్సని వాడికెలా తెలుసన్న అనుమానం మీకు రావాలి. వాడు కిటికీ పీకలేదు. చిన్నది చేశాడు. యాప్ మూలన గడియారం బొమ్మ ఉంటుంది, దాని వెనక దాచాడు. పరీక్ష కోసం ఆమె తన టోకెన్‌తో లాగిన్ అయినప్పుడల్లా గడియారం పక్కకి జరిపి చూసేవాడు. మొత్తం చూసేవాడు కాదు, మర్యాదస్తుడు. బస్సు నంబర్, దిగే స్టాపు, అంతే.

"మీరెక్కడ దిగుతారు?" అని బస్సెక్కాక అడిగింది.

"మీ తర్వాత స్టాపండీ."

"నా తర్వాత డిపో."

"దాని పక్కన."

ఆమె మొహం బస్సు అద్దం వైపు తిప్పుకుంది. అద్దంలో ఆమె పెదాలు కదిలినట్టు కనిపించింది గానీ, వాన చినుకులు జారడం వల్లేమో అనుకున్నాడు.

డిపో పక్కన మనుషులుండరు. బస్సులుంటాయి, టైర్లుంటాయి, ఒక నీళ్ల కొళాయి ఉంటుంది. ఎక్స్‌రే రోజూ అక్కడి దాకా వెళ్లి, అదే బస్సులో వెనక్కి వచ్చేవాడు. రానూ పోనూ గంటన్నర. వాడి ఇల్లెక్కడో తర్వాత చెప్పుకుందాం. వారం గడిచాక డ్రైవర్ వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో ఏమైనా గొడవలా బాబూ అని జాలిగా అడిగాడు.

ఆ బస్సులో ఆమె అన్నీ చెప్పేది. టోకెన్‌లోకి ఇన్సూరెన్స్ వాళ్లు పెళ్లాం బిడ్డల వివరాలు కూడా ఎక్కించడం తనకిష్టం లేదని, తగ్గిస్తానని చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న సంతకం దొంగతనంగా పెట్టి దొరికిపోయానని, అందుకే ఈ ఉద్యోగంలో స్థిరపడ్డానని చెప్పింది. నాలుగో వారం మంగళవారం మాత్రం స్టాపు దగ్గరపడేదాకా ఏమీ చెప్పలేదు. లేచి నిలబడ్డాక, వేరే ఊళ్లో హెడ్డాఫీసుకి రమ్మంటున్నారని, శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా జవాబివ్వాలని చెప్పింది.

"వెళ్లనా?" అంది.

బస్సు ఆగింది. ఆమె దిగింది. వాడు డిపో దాకా నోరు తెరుచుకునే ఉన్నాడు.

రాత్రంతా ఆలోచించి జవాబు తయారుచేసుకున్నాడు. వెళ్లొద్దు అన్న ఒక్క మాటకి ముందు పన్నెండు వాక్యాల ఉపోద్ఘాతం. అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకుని బుధవారం పొద్దున్నే ఆఫీసుకొచ్చాడు. ఆమె ఇంకా కిందికి రాలేదు, మూడో అంతస్తు నుంచే పరీక్ష టోకెన్లు పంపుతోంది. అలవాటు కొద్దీ గడియారం పక్కకి జరిపాడు.

టోకెన్ మీదున్నది ఆమె ఉద్యోగి నంబరే. కింద కొత్త వరసలున్నాయి.

భర్త: ఉన్నారు. పిల్లలు: ఇద్దరు. మొదటి సంతానం పాప, పుట్టిన తేదీ ఫిబ్రవరి ముప్పై ఒకటి. రెండో సంతానం బాబు, పుట్టిన తేదీ వచ్చే ఏడాది నవంబర్ పది.

వాడు కుర్చీలో కూర్చోలేదు, కుర్చీయే వచ్చి వాడి కిందకి చేరింది. ముందుగా పాప మీద జాలేసింది. ఫిబ్రవరి ముప్పై ఒకటిన పుడితే పుట్టినరోజు ఎప్పుడు చేస్తారు పాపం. ఇక వచ్చే నవంబర్లో పుట్టబోయే బాబుకి ఇప్పటినుంచే ఇన్సూరెన్స్ రాయించి పెట్టింది, ఎంత ముందుచూపున్న మనిషి అని మెచ్చుకున్నాడు కూడా. ఇంత తెలివైనవాడు ఈ రెండు తేదీల్ని ఎలా నమ్మాడని అడక్కండి. గుండె పగిలినవాడు క్యాలెండర్ చూడడు.

పదకొండింటికి ఆమె వచ్చి కూర్చుని, నిన్నటి మాటకి జవాబు చెప్పలేదని గుర్తుచేసింది.

"వెళ్లండి మేడం. అక్కడ స్కూళ్లు బాగుంటాయట."

మూడు వారాలుగా మేడం అనని మనిషి మేడం అన్నాడు. ఆమె చేతిలో చాక్లెట్ అలాగే ఆగిపోయింది.

"నాకు స్కూలెందుకండీ?"

"మీకు కాదులెండి," అన్నాడు, లోకంలోని బరువంతా ఆ రెండు మాటల మీద పెట్టి.

ఆమె చాక్లెట్ మళ్లీ డబ్బాలో వేసుకుంది. ఆ సాయంత్రం వాడు బస్సెక్కలేదు. పద్నాలుగో నంబర్ డ్రైవర్ వాడి కోసం అరనిమిషం ఎక్కువ ఆపాడని తర్వాత తెలిసింది.

గురువారం వాడు త్యాగం చేయాలని నిర్ణయించుకున్నాడు. దుకాణానికి వెళ్లి పాపకి రంగులు వేసుకునే బొమ్మల పుస్తకం, బాబుకి గిలక్కాయ కొన్నాడు. సాయంత్రం ఆమె వెళ్లిపోయాక మూడో అంతస్తుకి ఎక్కి, రెండూ ఆమె బల్ల మీద పెట్టి, పక్కన ఒక కార్డు నిలబెట్టి దిగి వచ్చాడు. మెట్లు దిగుతుంటే తన గొప్పతనానికి తనకే కళ్లు చెమర్చాయి.

ఇంటికి వెళ్లేసరికి అక్క ఉంది. అక్కాతమ్ముళ్లిద్దరే ఉండే ఇల్లది. అక్కకి మందుల షాపు. మూడు వారాలుగా చీకటి పడ్డాక ఊడిపడేవాడివి, ఈ రెండు రోజులూ ఇంత పెందలాడే ఎలా వస్తున్నావని ఆరా తీసింది. వాడు మొత్తం కక్కేశాడు. అక్క అంతా విని, అన్నిటికంటే ముందు అడగాల్సింది అడిగింది.

"పెళ్లయిందని ఆ అమ్మాయి చెప్పిందా నీకు?"

"టోకెన్‌లో ఉందక్కా."

"ఎవరిచ్చిన టోకెన్రా అది?"

వాడు లాప్‌టాప్ కోసం సంచిలో చెయ్యి పెట్టాడు.

"నా షాపుకి రోజూ వంద చీటీలొస్తాయి. డాక్టరు సంతకం లేకపోతే దగ్గు మందు కూడా ఇవ్వను. నువ్వు మాత్రం చీటీ మీద ఏం రాసుంటే అది మింగేసి వచ్చావు."

వాడు లాప్‌టాప్ తెరిచాడు. బుధవారం నాటి ఆ టోకెన్ అక్కడే ఉంది. ఇచ్చినవారు అన్నచోట పరీక్ష సర్వర్ అని ఉంది. సంతకం సరిపోలేదు. అంతకంటే ఘోరం, యాప్ నడిబొడ్డున పెద్ద పెద్ద ఎర్ర అక్షరాల్లో, "ఈ టోకెన్‌ను నమ్మవద్దు" అని ఉంది. ఆ వాక్యం నాలుగు వారాలు కష్టపడి వాడే రాశాడు. వాడు చెప్పిన మాట వాడి యాప్ వింది. వాడు వినలేదు. గడియారం వెనక్కి తొంగి చూసేవాడికి నడిమధ్యలో ఏముందో ఎలా కనబడుతుంది?

భర్త లేడు. పాప లేదు. బాబు పుట్టబోవడం లేదు. కానీ గిలక్కాయ ఉంది, ఆమె బల్ల మీద.

ఆఫీసు అప్పటికే మూసేశారు. పొద్దున్నే ఆమె కంటే ముందు వెళ్లి తీసేస్తానన్నాడు. అక్క నవ్వింది. "తీసేయకు. దొరికిపోయి చివాట్లు తిను. తిన్నాక ఆ అమ్మాయిని ఇంటికి తీసుకురా, నేనూ రెండు పెడతాను. ఇంతవరకూ నీకు అంత బాగా బుద్ధి చెప్పినవాళ్లని నేను చూడలేదు, నాకు ఆ పిల్ల నచ్చింది."

శుక్రవారం ఏడున్నరకి వాడు పిల్లిలా మూడో అంతస్తులోకి అడుగుపెట్టాడు. ముద్ర అప్పటికే కూర్చుని ఉంది. బొమ్మల పుస్తకం తెరిచి, ఏనుగుకి ఊదా రంగు వేస్తోంది.

"రండి," అంది, తల ఎత్తకుండా. కార్డు తీసి చదివింది. "ఫిబ్రవరి ముప్పై ఒకటిన పుట్టిన చిట్టితల్లికీ, రాబోయే నవంబరు బాబుకీ, ఒక శ్రేయోభిలాషి." కార్డు బల్ల మీద పెట్టింది. "ఈ పిల్లల సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకరు వీళ్లని కనిపెట్టిన నేను. రెండోవారెవరా అని ఏడింటి నుంచీ ఆలోచిస్తున్నాను."

"ఊడ్చేవాళ్లు పెట్టి ఉంటారండీ."

"చేతిరాత మీది."

"నా చేతిరాత చాలామందికి వచ్చు."

"కింద సంతకం కూడా మీదే."

వాడు వంగి చూశాడు. నిజమే. శ్రేయోభిలాషి అని రాసి, కింద శుభ్రంగా సంతకం చేశాడు. నాలుగు వారాల శిక్షణ ఊరికే పోలేదు.

"కిటికీ పీకేశానని మెసేజ్ పెట్టారు."

"చిన్నది చేశాను."

"ఎంత చిన్నది?"

"గడియారం వెనక పట్టేంత," అని తల దించుకున్నాడు. "తప్పేనండీ. చూడకూడనిది చూశాను. ఇప్పుడే వెళ్లి పీకేస్తాను. కావాలంటే గడియారం కూడా పీకేస్తాను."

ముద్ర రంగు పెన్సిలు కింద పెట్టింది. తప్పుడు తేదీలు పంపితే యాప్ పట్టుకుంటుందో లేదో చూద్దామని ఆ సంసారాన్ని తనే సృష్టించానని చెప్పింది. యాప్ మొదటి దెబ్బకే పట్టుకుందట. దాన్ని రాసిన పెద్దమనిషి మాత్రం వెళ్లి గిలక్కాయ కొన్నాడు.

"ఐదింటికి నేను హెడ్డాఫీసుకి జవాబివ్వాలి," అంది. బొమ్మల పుస్తకం మూసి పక్కన పెట్టింది. "స్కూళ్ల సంగతి పక్కన పెట్టి చెప్పండి."

పన్నెండు వాక్యాల ఉపోద్ఘాతంలో వాడికి ఒక్కటీ గుర్తు రాలేదు.

"వెళ్లకండి."

"ఎవరు చెబుతున్నారు?"

"నేను."

"ఎవరికి?"

"మీకే."

"ఎప్పటిదాకా చెల్లుతుంది?"

"ఎప్పటికీనండీ."

"గడువు లేనిది నేను ఒప్పుకోను. సెక్యూరిటీకి మంచిది కాదు. ఏ రోజుది ఆ రోజు కొత్తగా చెప్పాలి."

"చెబుతాను. రోజూ సాయంత్రం, పద్నాలుగో నంబర్ బస్సులో."

"ఆ బస్సు సంగతొకటి ఉంది," అంది ముద్ర. "ప్రతి టోకెనూ నా సర్వీసు నుంచే వెళ్తుంది. వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం నా ఉద్యోగం. మీ టోకెన్‌లో బస్సు నంబర్ ఉండాల్సిన చోట ఏముంది?"

"ఖాళీ."

"ఇంటి చిరునామా?"

"ఆఫీసు వెనక వీధి."

"ఎంతసేపు పడుతుంది?"

"నడిస్తే నాలుగు నిమిషాలు. మెల్లగా నడిస్తే ఐదు." అని చెప్పి, "మీకు ఎప్పటినుంచి తెలుసు?" అన్నాడు.

"డిపో పక్కన ఉంటానన్న మర్నాటి నుంచి. వారం చూశాను, రెండు వారాలు చూశాను, అప్పుడు అర్థమైంది. బుధవారం మీరు బస్సెక్కకపోతే అర్థమైనది తప్పేమో అనుకున్నాను." డబ్బాలోంచి ఒక చాక్లెట్ తీసి వాడి వైపు జరిపింది. "హెడ్డాఫీసుకి రానని రాసేస్తాను. ఇంకేమైనా దాచారా? ఇప్పుడే చెప్పేయండి."

ఎక్స్‌రే చాక్లెట్ విప్పబోయి ఆగాడు. ఒకటుంది.

"ఆ మొదటి గురువారం, వానలో... నా సంచిలో ఇంకో గొడుగుంది."

"తెలుసు. పిడి బయటికి కనబడుతూనే ఉంది."

ఇక్కడ కథ చెబుతున్నవాళ్లం కూడా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఇద్దరికీ కలిపి ఒక్కటే గొడుగు అని పైన రాశాం. అది వాడు చెప్పిన మాట. ఎవరు చెబుతున్నారో చూసుకోకుండా నమ్మి రాసేశాం.